సమాధికొక స్నానం: బందరు నుంచి సంగమం దాకా

మాది కడప జిల్లాలో మైదుకూరుకు పది మైళ్ల దూరంలో ఒక మెట్ట ఊరు. నాకు సైకిల్ షాపు ఉంది. చదివింది పదో తరగతి. అయితే టౌను గ్రంథాలయంలో చరిత్ర బీరువా మొత్తం, యాత్రల బీరువాలో చెదలు వదిలిన భాగం మొత్తం చదివాను. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను. ఊళ్లో ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

కృష్ణ సముద్రంలో కలిసే దిగువ సీమలో ఏమేం చూడాలో ఆ బీరువాల దయవల్ల నాకు వెళ్లకముందే తెలుసు. బందరులో డచ్చివాళ్ల సమాధులు, గుడివాడలో బౌద్ధుల దిబ్బ, ఘంటసాలలో మహాస్తూపం, ఆఖరున సముద్రం అంచున మడ అడవి. అన్నీ ఎనభై పేజీల నోట్‌బుక్కులో రాసుకుని తొంభై తొమ్మిది మాఘమాసంలో బయల్దేరాను. వెంట మా అత్తను తీసుకెళ్లాను.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకు చెల్లెలు, నా భార్యకు తల్లి. అందువల్ల అల్లుడికి దక్కే మర్యాదలేవీ నాకు దక్కవు. ఆమెను తీసుకెళ్లడానికి కారణం ఒక గది. పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న నాలుగు గోనెసంచుల పుస్తకాలు నా షాపులో ట్యూబుల కింద మగ్గుతున్నాయి. వాటితో ఊళ్లో ఒక చదువుకునే గది పెట్టాలని నా కోరిక. అందుకు తగిన గది ఊరంతటికీ ఒకటే ఉంది. మా అత్త ఇంటి ముందుగది. వీధిలోకి తలుపు, రెండు కిటికీలు, గోడల్లో లోతైన గూళ్లు. ఆ గదిలో మా మామ పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు గది మూసిపెట్టమని పురోహితుడు చెప్పాడు. ఆరు నెలలు ఆరేళ్లయ్యాయి. తాళం తియ్యలేదు.

"సంగమంలో మాఘస్నానం చేయిస్తానత్తా" అని నేను, "గది సంగతి ఎత్తనంటే వస్తా" అని ఆమె. ఒప్పుకున్నాను. నాలుగు రోజులు నా చదువు చూపిస్తే మనసు తనంతట తానే కరగదా అని నా ఆశ.

ఉయ్యూరు దాటాక

బెజవాడ నుంచి బందరు బస్సు. ఉయ్యూరు దగ్గర చెరకు ఆడుతున్న వాసన బస్సులోకి బెల్లం కుండ బోర్లించినట్టు వచ్చింది. అక్కడి నుంచి రోడ్డు పక్కనే కాలువ. అత్త కిటికీ వదల్లేదు. మా ఊళ్లో మూడు వందల అడుగులు బోరు వేస్తే మూడు బిందెలు వస్తాయి.

"రేయ్ ఓబులేసూ, ఇన్ని నీళ్లు ఊరికే పోతాండాయే, ఎవురూ అడిగేదిలేదా?" అంది.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "ఊరికే ఏంటండీ, పొలాలకెళ్తున్నాయి. అడిగేవాళ్లు ఎక్కువయ్యే కదండీ మా ఊళ్లో తలకాయలు పగిలేది."

నీళ్లున్న చోట కూడా నీళ్ల కోసం కొట్టుకుంటారని తెలిశాక అత్తకు ఆ దేశం మీద కాస్త గౌరవం కలిగింది.

బందరు

వలందులంటే డచ్చివాళ్లు. వాళ్ల పేరు మీద ఆ ఊళ్లో ఒక పేట ఇప్పటికీ ఉంది. ఈ సంగతి ఆటో డ్రైవరుకు నేనే చెప్పాను. ఆయన "అలాగాండీ" అని ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

సమాధుల దగ్గరికి వెళ్లేముందు తొక్కుడు లడ్డు పావుకిలో కొన్నాం. నోట్లో పెడితే నమలాల్సిన పనే లేదు. పొట్లం పట్టుకునే లోపలికి వెళ్లాం. అత్తతో "పాత రాతి చెక్కడాలు" అని మాత్రం చెప్పాను. అబద్ధం కాదు. నడుం ఎత్తు రాతి దిమ్మెలు, వాటి మీద డాళ్లు, కిరీటాలు, అల్లిబిల్లి అక్షరాలు. అత్త నీడ చూసుకుని ఒక చల్లటి బండ మీద కూర్చుని పొట్లం విప్పింది. నేను నోట్‌బుక్కు తీసి రాయి రాయికీ తిరుగుతున్నాను.

"ఇది బాగుండాదే" అంది అత్త రెండో లడ్డు తింటూ. "పుర్రె, కింద రెండు ఎముకలు. యాల చెక్కినారు?"

నాలోని గ్రంథాలయం ఉప్పొంగింది. "మనిషి బతుకు శాశ్వతం కాదని గుర్తుచెయ్యడానికత్తా. ఆ కాలంలో వాళ్ల సమాధులన్నిటి మీదా చెక్కేవాళ్లు."

లడ్డు నోటి దగ్గరే ఆగింది.

"రేయ్. నేను దేని మీద కూచోనుండా?"

నోట్‌బుక్కు చూసి నిజమే చెప్పాను. "ఎవరో వర్తకుడి భార్య మీదత్తా."

మా వైపు శ్మశానంలో అడుగుపెడితే తలస్నానం చేసిగాని మంచినీళ్లు కూడా ముట్టరు. అత్త లోపల కూర్చుంది, పైగా తిన్నది. మిగిలిన లడ్డూలు అక్కడే వదిలేసి, ఎదురుగా కనిపించిన మొదటి ఇంటి ముందు నిలబడి "అమ్మా, నాలుగు చెంబుల నీళ్లు పోయించు తల్లీ" అని కేకేసింది.

ఆ ఇంటావిడ పేరు ఫాతిమా. కారణం విని నవ్వు కొంగులో దాచుకుంది. "రండి పిన్నిగారూ. మా వాళ్లూ ఖబరస్తాన్ నుంచొస్తే కాళ్లూ చేతులూ కడక్కుండా లోపలికి రారు. కానీ ఇవి బోరు నీళ్లండీ, ఉప్పు. మంచినీళ్లు పొద్దున పూటే వస్తాయి."

దారి పొడవునా కాలువలు చూసి వచ్చి ఉప్పునీళ్లతో తలంటుకోవాల్సి వచ్చింది. సబ్బు నురగ రాలేదు, జుట్టు కొబ్బరి పీచులా అయింది. ఫాతిమా తన నూనె సీసా తెచ్చి తనే తలకు రాసింది. "మీ అల్లుడు ఏం చదువుకున్నాడండీ?" అని ఆమె అడగడం నాకు వినిపించింది.

"గోరీలు" అంది అత్త.

గుడివాడ

మర్నాడు గుడివాడలో ఆ తప్పు చెయ్యకూడదనుకున్నాను. ఊళ్లో ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. జనం దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. అత్త ముందు పలకడానికి ఆటో డ్రైవరు శ్రీను కూడా రెండుసార్లు దగ్గాడు. "ఎత్తుమీద నుంచి ఊరు కనిపిస్తుంది" అని మాత్రమే చెప్పి అత్తను ఎక్కించాను. గాలి బాగుంది. అత్త మొహం విచ్చుకుంది. గది సంగతి ఎటునుంచి ఎత్తాలా అని నేను ఆలోచిస్తున్నాను.

శ్రీను ఊరుకోడే. "పూర్వం ఇక్కడ ఒకావిడ ఉండేదంటండీ. ఆటపాటలావిడ. మేడ కట్టుకుని, దీపాలెట్టుకుని… ఆ మేడే ఇట్టా దిబ్బయిపోయింది."

చరిత్ర బీరువా మొత్తం చదివినవాడు ఈ మాట వింటూ నిలబడగలడా? నేను నిలబడలేకపోయాను. "తప్పు శ్రీనూ. మేడా లేదు, ఆవిడా లేదు. ఇది స్తూపం. బౌద్ధులు లోపల ధాతువులు పెట్టి పైన కట్టేవాళ్లు."

"ధాతువులంటే ఏంటండీ?" అన్నాడు శ్రీను.

అత్త కూడా నా వైపు చూసింది. తప్పించుకోవడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో కూడా నా చదువే గెలిచింది.

"ఎముకలు" అన్నాను.

శ్రీను మమ్మల్ని కాలువ రేవుకు తీసుకెళ్లాడు. మాఘమాసపు చలి. అత్త కట్టుబట్టలతో మెట్లు దిగి మూడు మునకలు వేసింది. బట్టలు ఉతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు చేతులాపి జాలిగా చూశారు.

"ఎవరు పోయారు పిన్నిగారూ?" అని ఒకావిడ అడిగింది.

"బుద్ధుడంట" అంది అత్త వణుకుతూ.

"అయ్యో! ఎప్పుడండీ?"

"శానా ఏండ్లాయంట. మాకు ఇప్పుడే తెలిసింది."

ఆవిడ అర్థమైనట్టు తలూపింది. చావుకబురు ఎంత ఆలస్యంగా చెవిన పడ్డా స్నానం తప్పదనేది అక్కడా ఇక్కడా ఒకటే.

ఆ రాత్రి భోజనంలో బొమ్మిడాయిల పులుసు వడ్డించారు. అన్నం అడిగినంత. మా వైపు సంగటి ముద్ద ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదు. వీళ్ల అన్నం రెండు గంటలకే అరిగిపోతుంది. అందుకే ఊరూరా ఇన్ని టిఫిన్ హోటళ్లు ఉన్నాయని నా సిద్ధాంతం. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నాదే.

ఘంటసాల

ఘంటసాల స్తూపం నా నోట్‌బుక్కులో తొమ్మిది పేజీలు. అత్త ఈసారి గేటు దాటలేదు. బయట తేగలు అమ్ముకుంటున్న ఆమె పక్కన చతికిలబడి, "పోయి నీ ఎముకల్ని చూసుకోనిరా. నేను ఈడనే ఉంటా" అంది.

నేను లోపల గంటన్నర ఉన్నాను. ఇటుకల వరసలు చక్రం ఆకుల్లా నడిమి నుంచి అంచుకు పరుచుకుని ఉన్నాయి. రెండు వేల ఏళ్ల కిందటి మేస్త్రీ ఒక పెద్ద సైకిల్ చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, దాని మీద గుండ్రటి కొండ కట్టాడని అర్థమైంది. పుస్తకంలో ఇది చదివినప్పుడు అర్థం కాలేదు. నా పనితనానికి దగ్గరైన మనిషి కనిపించినట్టై, అక్కడే కాసేపు కూర్చున్నాను. చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు.

బయటికి వచ్చేసరికి అత్త నా టవలు పట్టుకుని నిలబడి ఉంది. "పద. ఈ పొద్దు నీ వంతు."

పక్కనే మినుము చేను, గట్టున బోరు. రైతు మోటారు వేశాడు. నేను లాగుతో పైపు కింద కూర్చున్నాను. అదే సమయానికి బడి వదిలారు. ఒక తరగతి ఆడపిల్లలంతా గట్టు మీద వరసగా నిలబడ్డారు.

"ఏవండీ, మేం పుట్టిందగ్గర్నుంచీ దాని పక్కనే తిరుగుతున్నాం" అన్నాడు రైతు పొట్ట పట్టుకుని. "దాన్ని చూసినప్పుడల్లా స్నానమంటే మా ఊరి ఆస్తులన్నీ సబ్బులకే అయిపోవూ!"

చలికి పళ్లు టకటకలాడుతుంటే బుద్ధి కూడా వణికిందేమో, మాట తప్పి అప్పుడే అడిగాను. "అత్తా, ఆ గది…"

"ఇన్ని గోరీలు చూపించినోనికి గది ఇస్తే దాంట్లో ఇంగొకటి కడతావు" అంది అత్త. తేగ విరిచి నా చేతిలో పెట్టింది గాని, పట్టు మాత్రం విడవలేదు. గది ఇక రాదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. తుమ్ములు కూడా ఆ రోజే మొదలయ్యాయి.

మడ అడవి

అవనిగడ్డ, కోడూరు దాటాక భూమి బల్లపరుపుగా అయిపోయి, ఆకాశం మోకాళ్ల దాకా దిగినట్టుంటుంది. ఆ అంచునే అభయారణ్యం. ముందు సంగమ స్నానం, తర్వాత అడవి అన్నది నా పథకం. అత్త తిరగేసింది. "ముందు నీ అడవి కానీ. దాంట్లో ఏ గోరీ బయటపడుతుందో. అన్నీ అయినాక ఒకేసారి సంగమంలో కడుక్కుందాం." తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

పాలకాయతిప్ప రేవులో పోతురాజు ఇంజను పడవ దొరికింది. పీతల వలలు తియ్యడానికి వెళ్తున్నాడు. ఆయన భార్య నాంచారమ్మ కూడా పడవలో ఉంది. అత్త జన్మలో పడవ ఎక్కలేదు. రెండు చేతులా నా చొక్కా కాలరు పట్టుకుని కూర్చుంది.

పాయలోకి తిరగగానే రెండు వైపులా మడచెట్లు కమ్ముకున్నాయి. చెట్ల కింద బురదలోంచి వేలెడు వేళ్లు వేలకొద్దీ పైకి పొడుచుకుని ఉన్నాయి. "బురదలో గాలి ఆడదత్తా. అందుకని వేళ్లే బయటికొచ్చి గాలి పీల్చుకుంటాయి. ట్యూబుకు వాల్వు ఉన్నట్టు" అన్నాను. అత్త కాలరు కొంచెం వదిలింది. "ఇది బాగ చెప్పినావు" అంది. నాలుగు రోజుల్లో నా మొదటి మార్కు అది.

ఆ ఒక్క మార్కు నన్ను పాడుచేసింది. ఆ అడవిలో నీళ్లలో దూకి చేపలు పట్టే బావురుపిల్లి ఉంటుంది. అది అత్తకు చూపించాలని పట్టుబట్టాను.

"పిల్లి కోసం అంత దూరం నుంచొచ్చారాండీ!" అన్నాడు పోతురాజు. "అది రాత్రిళ్లు తిరుగుద్దండి. పాటు మొదలయింది, నీళ్లు తీసేత్తన్నాయి. ఎల్లిపోదాం."

"పాటు మందంగా ఉండే రోజులివి. ఇంకో గంట నీరుంటుంది" అన్నాను. నా నోట్‌బుక్కులో ఆటుపోట్ల పట్టిక ఉంది. అది ఏ రేవుదో చూసుకోలేదు.

నీరు పావుగంటలో వెళ్లిపోయింది. పడవ బురద మీద గేదెలా ఒక పక్కకు ఒరిగింది. కనిపించిన వన్యమృగం ఒకటే, ఒక ఎర్రకొండి పీత. అది మా వైపు ఒక చెయ్యి ఊపుతోంది.

"మళ్లీ పోటు వచ్చేదాకా ఇంతేనండి" అని పోతురాజు తలకింద వల పెట్టుకుని పడుకున్నాడు. "మీ పుత్తకంలో ఎప్పుడొత్తదో చూసి లేపండి."

మధ్యాహ్నం దాటింది. నాంచారమ్మ టిఫిన్ క్యారియరు విప్పి, అన్నం, ఎండురొయ్యల కూర మూతల్లో సర్దింది. ఒక మూత అత్త ముందు పెట్టింది. అత్త ముట్టలేదు.

"అమ్మా, ముందు ఒక మాట చెప్పు తల్లీ. ఈ అడవిలో గోరీలు, సమాధులు అట్లాటివి ఏమన్నా ఉండాయా? ఉంటే నేను స్నానం చెయ్యందే తినకూడదు."

నాంచారమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"సమాధులు లేవండి. డెబ్బై ఏడులో ఉప్పెనొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. మా తమ్ముడు ఇట్టాంటి చెట్టుకే తగులుకుని దొరికాడు. మా అమ్మ దొరకలేదు. మా ఊరోళ్లు ఎంతమందో ఈ మడలోకే కొట్టుకొచ్చారు. మైలనుకుంటే మేం ఈ సీమలో అడుగు తీసి అడుగెయ్యలేమండి. ఇక్కడే పడతన్నాం, ఇక్కడే తింటన్నాం. వలెయ్యడానికి వచ్చినప్పుడల్లా మా అమ్మని పలకరించి పోతన్నాననుకుంటాను."

నా నోట్‌బుక్కులో ఉప్పెన గురించి రెండు పేజీలున్నాయి. తియ్యలేదు.

అత్త చాలాసేపు ఆ చెట్ల మొదళ్ల వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగి, నాంచారమ్మ భుజానికి భుజం ఆనించి కూర్చుంది. మూత ఒళ్లోకి తీసుకుని అన్నం కలిపింది. తిన్నది. స్నానం మాట ఎత్తలేదు. "కూర ఇంగ కొంచెం ఉండాదా?" అని కూడా అడిగింది. నాకు తెలిసి ఆమె జీవితంలో ఎండురొయ్యలు తినడం అదే మొదలు.

సంగమం

పోటు ఎప్పుడొస్తుందో చూసి పోతురాజును ఎవరూ లేపలేదు. నీరు పడవను తాకగానే తనే లేచాడు. ఎండ వాలకముందే నది నోటి దగ్గరికి చేరాం. ఒకవైపు నీరు మట్టిరంగు, అటువైపు నీలం. రెండింటి మధ్య నురగ గీత. మా రాయలసీమ కొండల పక్క నుంచి వెళ్లిన నది చివరికి ఏ హడావుడీ లేకుండా ఇలా కలిసిపోతుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

నాంచారమ్మ చెయ్యి పట్టుకుని అత్త మూడు మునకలు వేసింది. ఒడ్డున జుట్టు పిండుకుంటూ నన్ను పిలిచింది.

"రేయ్, మీ మామ యాడ పాయె?"

ఉచ్చు ఎక్కడుందో తెలియక నెమ్మదిగా అన్నాను. "ముందుగదిలో అత్తా."

"గదిలో గాదు, మంచం మీద. ఆ మంచం గూడా ఆయప్పతోనే పంపిస్తిమి. గది ఏం చేసింది పాపం?" కొంగు విదిలించింది. "అమ్మను మింగిన నీళ్లల్లో ఆ పిల్ల వల ఏసుకోని బతుకుతాంది. నేను నాలుగు గోడలకు బయపడి ఆరేండ్లు తాళమేసుకోని కూచుంటి. నీ పుస్తకాలు తెచ్చి పెట్టుకో."

నేను కాళ్లకు దండం పెట్టబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

"ఆగు. ఆ పుస్తకాలు రాసినోళ్లు అందరూ బతికుండారా?"

అబద్ధం చెప్పే మూడో అవకాశం అది. "లేదత్తా. చాలామంది పోయారు."

"శానామంది అంటే?"

"నాలుగు సంచుల్లో మూడున్నర."

"అబ్బా!" అంది అత్త. సముద్రం వైపు చూసి, నా వైపు చూసి, ఒక నిర్ణయానికి వచ్చింది.

మా ఊరు

గది తెరిచాం. పుస్తకాలు గూళ్లలో పట్టాయి. సాయంత్రం పూట పదిమంది దాకా వస్తున్నారు. గుమ్మం బయట అత్త ఒక రాతి తొట్టి పెట్టించి రోజూ నీళ్లు నింపుతోంది. తలస్నానం వద్దని తనే తగ్గించింది. పోయినవాళ్ల పుస్తకం చదివితే ఇంటికెళ్లేటప్పుడు కాళ్లు కడుక్కోవాలి, బతికున్నవాళ్లదైతే అక్కర్లేదు. తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని, బయటికొచ్చే ప్రతివాణ్నీ అడుగుతుంది. "ఏమప్పా, నీది పోయినోనిదా, ఉండేవానిదా?"

రాసినాయన ఉన్నాడా పోయాడా అనేది ఏ గ్రంథాలయం జాబితాలోనూ ఉండదు. ఒక్కొక్కటే కనుక్కుని పోయినవాళ్ల పుస్తకాలకు నల్లదారం కడుతున్నాను. పని సగమయింది.

ఈ యాత్ర రాసిన కాగితాలు కూడా కుట్టి, కిటికీ పక్క గూట్లో పెట్టాను. దారం కట్టలేదు. చదివినవాళ్లు ప్రస్తుతానికి కాళ్లు కడుక్కోకుండానే వెళ్లవచ్చు.